శనివారం పదకొండింటికి

పటమటలో మూడో అంతస్తు. లిఫ్టు పక్కన బోర్డు:
ఆరు నెలల నుంచే మేధో వికాసం.
ఎనిమిది వారాలకి నాలుగు వేలు.
ఏసీ ఉందన్నారు. ఉంది, పనిచెయ్యదు.

మొదటి వారం వీడు నిద్రపోయాడు.
రెండో వారం పక్క పిల్ల సాక్సు నమిలాడు.
మూడో వారం టీచరు నీలం గుడ్డ ఊపుతూ
"చూడు కన్నా, ఆకాశం!" అంటుంటే
వీడు ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాడు.
అది మా ఇంట్లోనూ తిరుగుతుంది, ఉచితంగా.

చప్పట్లు మాత్రం నేనే కొట్టాను.
గుండ్రంగా పదకొండుమంది అమ్మలం,
పాలమరకల చున్నీలతో,
పిల్లలు రాయని పరీక్షకి
మార్కుల కోసం ఎదురుచూస్తున్నట్టు.

ఐదో వారం షబీనా నా పక్కకి జరిగింది.
"మీవాడు రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు?"
"ఐదు."
"మాది ఆరు," అంది,
పతకం తీసి చూపించినట్టు.
నవ్వాం. ఆగలేదు. నాకు మధ్యలో ఏడుపొచ్చింది.
టీచరు డప్పు ఆపింది.

మీరూ చేర్పిస్తే చేర్పించండి.
పిల్లాడు ఏదో నేర్చుకొస్తాడని అనుకోకండి.
ఇంకో జత బట్టలు పట్టుకెళ్ళండి, మీకు.
తలుపు దగ్గర కూర్చోండి.
పక్కనావిడ కళ్ళకింద నలుపు చూడండి.

ఆరో వారం నుంచి మేం పైకెక్కడం లేదు.
బందరు రోడ్డు మలుపులో చెరకురసం బండి.
గానుగ తిరిగి మువ్వలు ఘల్లుమంటే
వీడు ఒళ్ళంతా చెవులు చేసుకుంటాడు,
షబీనా కూతురు కాళ్ళాడిస్తుంది.

ఫీజు వెనక్కివ్వరట.
గ్లాసు ఇరవై.
"ఐసు వద్దు బాబాయ్," అంటుంది షబీనా
ఇద్దరికీ కలిపి,
"పాలిచ్చేవాళ్ళం."