మెట్ల కింది పిల్లి

అమీర్‌పేటలో రాత్రి ఏడున్నర బ్యాచ్.
జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు.
ఫ్యాను తిరిగితే బోర్డు మీది కాగితాలు ఎగురుతాయి,
ఆపితే గోడ అవతలి జావా పాఠం వినిపిస్తుంది.

బోర్డు మీద ఒక పిల్లిని రాశాను.
కేమ్, అన్నాను. వచ్చింది.
దాని వెనకాల పొడుగాటి తోక:
బ్యాక్, అప్, అవుట్, ఫ్రమ్, అండర్.
మెట్ల కిందకి ఎప్పుడు దూరిందో ఏమో,
బయటపడి మళ్ళీ పైకి వచ్చేసింది.
ఇంగ్లీషువాడు నోటు ఒక్కటే ఇస్తాడు,
మిగతా దారంతా చిల్లర.

స్వరూప చెయ్యెత్తింది.
మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ,
డ్యూటీ చొక్కా మీదే వస్తుంది, విజిలు తాడు జేబులో దోపుకొని.
"ఒక్క పిల్లి గిన్ని దిక్కులు ఎట్ల పోతది సార్?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
పద్దెనిమిదేళ్ళ నా నోట్సులో
ఆ ప్రశ్నకి జవాబు లేదు.

చూడండి, అన్నాను, గొంతు సవరించుకొని.
మన దారి మన క్రియలోనే ఉంటుంది.
ఎక్కు. దిగు. దాటు. దూరు. చేరు.
ఎలా అన్నది దాని పక్కన నడుస్తుంది,
పాక్కుంటూ, తూలుకుంటూ, పరిగెత్తుకుంటూ.
వాళ్ళది తిరగేసిన చొక్కా.
పరుగే క్రియ.
దాటడం ఒక బుల్లి మాట, అక్రాస్,
సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద
ఒంటికాలితో వేలాడే కుర్రాడు.

"మైత్రీవనం కాడ రోడ్డు దాటేటప్పుడు
ఏ భాషలయినా ముందు ఉరుకుడే సార్,"
వెనక బెంచీ నుంచి ఇలియాజ్.
నిజమే.
మన వాక్యంలో దాటామో లేదో
చివరిదాకా తెలీదు.

స్వరూప కూర్చోలేదు.
"మావోడు కోకాపేటల సెంట్రింగ్ పని.
నిరుడు మూడో స్లాబు మీదికెల్లి పడ్డడు."
ఫెల్ ఆఫ్, అని నాలిక చివరిదాకా వచ్చింది.
మింగాను. పాఠాలు చెప్పేవాళ్ళకుండే రోగం ఇది.
"ఇప్పుడు కుంటుకుంట వస్తడు ఇంటికి.
దీన్ని ఎట్లంటరు?"
లింప్స్ హోమ్.
"వచ్చుడు ఏడవోయింది సార్?"
ఆ హోమ్‌లోనే ఉందమ్మా.
ఆమె కాసేపు బోర్డు కేసి చూసింది,
అక్కడ ఆయన్ని ఎవరో నిలబెట్టినట్టు.
"అంటే కుంటుడు పెద్దగయింది,
వచ్చుడు చిన్నగయింది.
మా ఇంట్ల అట్ల కాదు సార్.
తొమ్మిదింటికి గేటు సప్పుడయితది సూడు,
నాకు వచ్చుడొక్కటే ఇనబడ్తది."

ఫ్యాను ఆపినట్టుంది ఎవరో.
గోడ అవతల జావా మేష్టారు
ఏదో లూపులోంచి బయటికి రావడం ఎలాగో చెబుతున్నాడు.

శనివారం హోంవర్కులు దిద్దాను.
ఇలియాజ్ పది వాక్యాలూ ఒప్పే, పది వాక్యాల్లోనూ అతడు పరిగెత్తాడు.
స్వరూప ఒకటే రాసింది:
హీ కమ్స్ హోమ్ లింపింగ్.
తప్పు కాదు, వ్యాకరణం ఒప్పుకుంటుంది.
అయినా పక్కన సన్నగా "తెలుగు వాసన" అని రాయడం నా అలవాటు,
నేనే కనిపెట్టిన జబ్బులా
ఇన్నేళ్ళూ అందరికీ అంటగట్టాను.
ఎర్రపెన్ను మూత తీశాను.
పెట్టేశాను.

మొన్న ఎర్ర లైను నుంచి నీలం లైనుకి మారబోయి
స్టేషన్లో నేనే తప్పిపోయాను.
ఎస్కలేటర్ మొదట్లో స్వరూప.
పెద్ద సూట్‌కేసుతో ఎవరో తెల్లాయన, చెమటతో.
గో అప్, అంది, చెయ్యి మిన్ను చూపించింది.
గో త్రూ, చెయ్యి గుంపుని చీల్చింది.
దెన్ డౌన్, బ్యాక్, అక్రాస్.
మాటలు ఆగిపోయినా చెయ్యి ఆగలేదు,
మా పిల్లి వెళ్ళిన దారులన్నీ వెళ్ళింది.
ఆయన తల ఊపి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఎక్కాడు.
ఈడ్చడం చిన్నది, ఎక్కడం పెద్దది,
నాకూ అలాగే కనిపించింది ఆ పూట.

అప్పుడు చూసింది నన్ను.
"ఎక్కుండ్రి సార్," అంది,
"దిగేటప్పుడు పైలం."