సెల్ఫ్ కొట్టు

పరకాల. పొద్దుగాల నాలుగున్నర.
జిన్నింగు మిల్లు దాకా పత్తి ట్రాక్టర్లు
లైన్ల నిలవడి నిద్రపోతున్నయి.
మంచు ఎవరి లోడు మీద వాళ్లకు
తూకం పెంచుతున్నది.

నా ఇండికా మాత్రం
తాళం తిప్పితే టిక్కంటది.
ఇంకోసారి తిప్పితే ఇంకో టిక్కు. గంతే.
నాకేం పట్టిందన్నట్టు
నాలుకతోటి దవుడకు కొట్టినట్టు.

వెనుక సీట్ల ఓదెమ్మ,
ఒడిల ఫైలు, ఫైలు మీద ఉప్మా గిన్నె.
ఆరింటికల్ల హన్మకొండల మిషను కాడ పండాలె.
"దిగి నూకాల్నా బిడ్డా?" అన్నది.
మంగళారం, గురువారం, శనివారం
రక్తం కడిగిచ్చుకొచ్చే మనిషి
నా బండిని నూకుతదట.

హెడ్‌లైట్లు ఏసి సూసిన.
ఎదురుంగ షట్టరు మీద పేరు తెల్లగ మెరిసింది:
అంకూస్ ఆటో ఎలక్ట్రికల్స్.
ముసలామెను ఎక్కిచ్చుకునేటందుకు
గీ గల్లీల బండి బందు జేసుడే తప్పయింది.

రెండేండ్ల కింద, చాయ్ హోటల్ ముంగట,
నలుగుర్ల అన్న:
"నా కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టినవు."
ఆయన ఏమనలే.
టెస్ట్ ల్యాంపు జేబుల పెట్టుకొని పోయిండు.
మూన్నెల్లకు తెలిసింది,
డిక్కీల లైటు రాత్రంత వెలుగుతనే ఉంటున్నదని,
మూసిన డిక్కీల, ఎవ్వలికి కనవడకుంట.
తెలిసినంక గూడ నేను ఈ దిక్కు రాలే,
పేషెంటు కోసం తప్ప.

షట్టరు లేసిన సప్పుడు.
మఫ్లరు, బనీను మీద స్వెట్టరు,
చేతిల గదే టెస్ట్ ల్యాంపు.
ఓదెమ్మ దిక్కు సూసిండు. నా దిక్కు సూడలే.
బానెట్ లేపిండు.

"సెల్ఫ్ కొట్టు."
కొట్టిన. టిక్.
"ఆపు."

రెండేండ్లకు మా నడుమ నడిచిన ముచ్చట గదే.

బ్యాటరీకి ల్యాంపు పెట్టిండు, నిండుగ వెలిగింది.
టర్మినళ్లు గుంజిండు, కదల్లే.
సెల్ఫ్ మోటరు మీద పానతోటి రెండు దెబ్బలు,
పండుకున్న బర్రెను లేపినట్టు.
"కొట్టు." టిక్. "ఆపు."
రిలే తీసి హారన్‌ది పెట్టిండు.
"కొట్టు." టిక్. "ఆపు."
ఆ ఆపుల ఇంకేమన్న మాట ఉన్నదా అని
చెవులు రిక్కిచ్చి ఇంటున్న.
లేదు. ఉత్త ఆపు.

గప్పుడు ఆయన చెయ్యి ఆగింది
ఎక్సలేటరు తీగె మీద.
బానెట్ కింద అంత సల్లగున్నది,
తీగె ఒక్కటి
జరమొచ్చిన పోరని చెయ్యి లెక్క కాలుతున్నది.

కాలుతోటి తొక్కే తీగెల కరెంటుకేం పని?
నేను అడగలే.
ఆయన చెప్పిండు, నాకు గాదు, ఓదెమ్మకు:
"పోయిన కరెంటు మల్ల బ్యాటరీకి రావాలె అవ్వా.
దాని తొవ్వ ఖరాబైతే ఊకుంటదా,
దొరికిన సందుల వడి వస్తది.
గింత సన్న తీగెల ఎంతని వస్తది?
తీగెను కాలుస్తది గని బండిని లేపది."
ఓదెమ్మ మోచేతి కాడి గడ్డను తడుముకుంట
"నాదీ గంతేనట. సూది తొవ్వ మూస్కపోతే
ఇంకో దిక్కు ఎతుకుతరట" అన్నది.

బండి కిందికి దూరిండు.
గేరుబాక్సు కాడ ఎర్త్ పట్టె,
బోల్టు కింద పచ్చటి చిలుము.
సాండ్‌పేపరు పెట్టి రుద్దిండు, గోరుతోటి గీకిండు.
బోల్టు బిగిస్తుంటే
పండ్లు కొరుకుడు నాకు ఇనవడ్డది.

"సెల్ఫ్ కొట్టు."

ఇండికా దగ్గింది, మల్ల దగ్గింది,
నల్లపొగ ఇడిచి అందుకున్నది.
ట్రాక్టరు మీద పండుకున్నాయన
దుప్పట్లకెళ్లే మమ్ముల తిట్టిండు.

"ఎంత అన్నా?"
డీజిలు బట్టకు చేతులు తుడ్సుకుంట
"యాభై" అన్నడు.
జెరసేపాగి,
"పాతయి మున్నూట ఎనభై."

నాలుగు నూర్లు, పైన ముప్పై, చేతిల పెట్టిన.
డిక్కీ ముచ్చట చెప్పాలె.
చెప్పాలంటే బండి బందు జెయ్యాలె,
బందు జేస్తే మల్ల లేస్తదో లేదో.
ఇంజను సప్పుడుల్నే చెప్పిన, చెప్పిందంత చెప్పిన.
ఇనవడ్డదో లేదో,
షట్టరు సగం దించి
"బ్యాటరీ మంచిగనే ఉన్నది" అన్నడు.