ఎడమ సీటు కొలత

రెండేళ్ళుగా మా రేకుల షెడ్డులో
ఒక కారు తయారవుతోంది.
నెల్లిమర్లలో ఎవరిని కదిపినా అదే మాట,
"తవిటినాయుడు మేస్త్రీ కారు ఇంకా అవలేదేటి?"

ఇంజను ఎవరిదో పాత మారుతిది.
గొట్టాల చట్రం ఆయన చేత్తో అతికింది.
ఫైబరు తొడుగు కోయంబత్తూరు నుంచి లారీలో
అరటిగెలలా గడ్డి చుట్టుకుని దిగింది.
రంగుకి పదకొండు వేలు.
చక్రాలకి ఎంతయిందో నాకు చెప్పలేదు.
బెల్టులకని మిగిలింది ఒక గోనెసంచీ,
దాన్నిండా దాసన్నపేట పాతసామాన్ల కొట్టు వాసన.

"నీ మిషను మీద రెండు కుట్లు వేసీ, సిన్నమ్మలూ,
అంతే పని" అన్నాడు.

నేను బడిసంచులు కుడతాను.
మా అయ్య జూటుమిల్లులో పట్టీల నేత చూసేవాడు.
కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచు తడిమి
ఏ పోగు అబద్ధమాడుతోందో చెప్పేవాడు.
ఆ వేలు నాకొచ్చింది.

మొదటి బెల్టు తడిమాను.
నడిమధ్య జానెడు మేర నేత సాగి ఉంది.
"ఇది ఒకర్ని పట్టింది" అన్నాను.
"ఒకసారి పట్టింది మళ్ళీ పట్టదు."
ఎవర్ని పట్టిందో, వాళ్ళు బతికారో లేదో
కొట్టువాడికి తెలీదు.
కాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రెండోది ఎండకి వెలిసి, అంచున నూగు లేచింది.
మూడోది కొత్తది, ఎర్రది.
రేసుబండి బొమ్మ, నాలుగు కొసలు, తెగ మెరుపు.
తేదీ లేదు, పరీక్షించిన ముద్ర లేదు.
కుట్టు చూస్తే
నేను పని నేర్చుకున్న మొదటి నెల కుట్టు.

ఆయన దాన్నే కట్టుకు కూర్చున్నాడు.
భుజాల పట్టీలు బిగించేకొద్దీ
నడుం పట్టీ పైకి పాకి బొజ్జెక్కింది.
"సూడు, అది తుంటి ఎముక మీదుండాలి.
గుద్దీసేవంటే కిందనుంచి జారిపోతావు,
పట్టీ పేగుల్లోకి దిగిపోద్ది."
"తొడల మజ్జినుంచి ఐదో పట్టీ ఏస్తే..." గొణిగాడు.
"సంతకెళ్ళడానికి ఐదు పట్టీలేటి?
వంగి హేండుబ్రేకైనా అందదు నీకు."

చివరికి మూడు కొసలదే అనుకున్నాం.
మెల్లగా లాగితే వచ్చేది, గుంజితే బిగుసుకునేది,
ముద్రా తేదీ ఉన్నది.
మూడు ముళ్ళ మాట ఎత్తబోయాడు.
పని వేళ వేళాకోళం వద్దన్నాను.

అసలు తగువు బోల్టు దగ్గరొచ్చింది.
డ్రిల్లు పట్టుకుని ఫైబరుకి కన్నం పెట్టబోతే
చెయ్యి పట్టుకున్నాను.
అప్పడానికి ఆవుని కట్టినట్టు, అదేం పని?
సంచి ఎప్పుడూ గుడ్డ దగ్గర చిరగదు,
పిడి కుట్టినచోట చిరుగుతుంది.
జులై నెలలో నా దగ్గరికి తిరిగొచ్చేవన్నీ
అక్కడ చిరిగినవే.

సరే, సీట్ల వెనక ఇనుప కమాను లేపి
చట్రానికి అతుకుతానన్నాడు. కాగితం మీద గీశాడు.
రెండు వైపులా ఒకే ఎత్తు,
రెండూ తన భుజానివే.

నేనేం అనలేదు.
వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాను.
ఆయన గీసిన ఎత్తు నా చెవి దగ్గరుంది.
పట్టీ వస్తే మెడ మీదుగా వస్తుంది.

చాలాసేపు చూశాడు.
నా మెడలో వేలాడే టేపు తీసుకున్నాడు.
ఊళ్ళో సగంమంది కొలతలు తీసినదాన్ని,
పెళ్ళయిన పదహారేళ్ళలో
నా కొలత ఒకరు తియ్యడం ఇదే.
సీటు నుంచి భుజానికి ఇరవైరెండు అంగుళాలు.
ఆయనకి ఇరవైనాలుగున్నర.
సుద్దముక్కతో గొట్టం మీద గుర్తు పెట్టాడు,
చెరిపాడు, మళ్ళీ కొలిచి పెట్టాడు.

చీటీ పాట వచ్చే నెల.
డబ్బు కట్టాక విశాఖ నుంచి పార్సిలు.
అందాకా కారు కదలదు.
రామతీర్థం ఎప్పుడు తీసుకెళ్తావని
వీధి పిల్లలు ఆయన్ని ఏడిపిస్తున్నారు.

ఎర్ర బెల్టు పారెయ్యడానికి మనసొప్పక
మేకకి కట్టాం.
మొన్న రాత్రి తెంపుకుపోయింది,
కుట్టు దగ్గరే.