వెనక్కెళ్లే కుట్టు

ఫొటో అంటే కదలకుండా కూర్చోవడమని
మా పెళ్లప్పుడు స్టూడియో అతను
గడ్డం పట్టుకుని మరీ నేర్పాడు.
ఇప్పుడు కదలమంటోంది కెజియ.
"మీ మానాన మీరు అల్లుకోండి దీనమ్మత్తా,
నన్ను చూడకండి. మూడు సెకన్లే."

ఏజెంటు సత్తిరాజు గారు కబురెట్టారండి.
కొనేవాళ్లకి లేసు ఒక్కటే చాలట్లేదంట,
అల్లే చెయ్యి కూడా చూపించాలంట.

సీతారాంపురంలో మా అరుగు మీద పదకొండు గంటల ఎండ,
కొబ్బరాకుల సందుల్లోంచి జారి
దారపుండ మీద చారలు చారలుగా పడుతోంది.
వశిష్ఠ మీంచి ఉప్పుగాలి వచ్చి
ఒళ్లో గుడ్డ అంచు ఎత్తి చూసి పోతోంది.
కెజియ నొక్కింది. అయిపోయిందంది.

చిత్రమేంటంటే ఆ ఫోను
నొక్కకముందు ఒకటిన్నర సెకను కూడా దాచిపెట్టింది.
అంటే, ముందునించీ చూస్తానే ఉందన్నమాట,
మా అత్తగారిలాగా.

"ఇక బాగుచేద్దాం" అని ఏదో యాప్ తెరిచింది.
బొటనవేలితో ఒక గీత జరిపితే వణుకు పోయింది
(నాది కాదు, ఫోను పట్టుకున్న దాని చేతిది).
ఇంకోటి జరిపితే చారలు పోయి
పాలు ఒలికినట్టు అరుగంతా ఒకటే వెలుగు.
ఇంకోటి జరిపితే
చూపుడువేలి మీద ముప్ఫయ్యేళ్లుగా దారం కోసిన గాడి,
మచ్చ అనుకుంది పాపం, తుడిచేసింది.
ఎవరి వేలో అనుకున్నాను.

"చప్పుడు తీసెయ్యనా?"
ఏం చప్పుడే?
చెవి దగ్గర పెట్టింది.
చేపల బండి హారను, "చందువా, వంజ..." అని సగం కేక,
దాని వెనకాల సన్నగా సుయ్యిమని ఒకటి.
తీసెయ్, అన్నాను.

అప్పుడు చూపించింది అసలు తమాషా.
ముందుకీ వెనక్కీ ఆడించే మీట.
సూది గొలుసులో దూరింది, దారం పట్టింది,
బయటికొచ్చింది, కుట్టు పడింది.
కుట్టు విడింది, సూది వెనక్కెళ్లింది,
దారం వదిలేసింది.
పడింది, విడింది. పడింది, విడింది.
కెజియ నవ్వింది. నేనూ నవ్వాను, కాసేపు.

ఒక వానాకాలం
బల్లగుడ్డ నడిమి పువ్వుకి ఒక రేకు తక్కువైందని
సత్తిరాజు గారి నాన్నగారు మొత్తం విప్పమన్నారు.
నలభై రోజుల పని,
బుడ్డిదీపం ముందు ఒక్క రాత్రిలో ఊడిపోయింది.
ఊడదీసిన దారం తిన్నగా ఉండదండి.
ఎక్కడ ముడిపడిందో అక్కడ మెలిక తిరిగే ఉంటది,
తడిపినా, రాయి కట్టి దూలానికి వేలాడదీసినా.
ఈ ఫోనులో దారం మాత్రం
ఎన్నిసార్లు ఊడినా కొత్తదే.
దాని కూలి కూడా ఎవరూ కోయరు.

పంపించాం. సాయంత్రానికి జవాబొచ్చింది.
ముప్ఫై ముక్కలు, పాత రేటే.
కింద ఇంకో మాట:
"చెయ్యి బాగుంది. కొత్త పిల్లా?"

అసలుది పోయిందా కెజియా, అంటే
"ఎక్కడికి పోద్ది, ఉంది" అని ఎక్కడో నొక్కింది.
చారలొచ్చాయి, వణుకొచ్చింది,
గాడి వచ్చి నా వేలి మీద కూచుంది.
మొదటి ఒకటిన్నర సెకనులో
నేను సూదివైపు చూడటమే లేదు.
మొహం రోడ్డు మీదికుంది,
చందువా ఎంత చెబుతాడో అని.
కింద చేతులు అల్లుకుపోతున్నాయి,
నన్ను అడక్కుండా.

ఇంకోసారి చెవికి ఆనించుకున్నాను.
ఆ సుయ్యిమన్నది
గంజి పొంగి పొయ్యిలో నిప్పు మీద పడ్డ చప్పుడు.
అదా సంగతి.
మధ్యాహ్నం ఆయన అన్నం పలుకుగా ఉందంటే
బియ్యమే అలాంటివని
గంటసేపు వాదించాను.