మూడో మనిషి

శనివారం అర్ధరాత్రికి గడువు.
బుధవారం నుంచి తిరుగుతాండా రాయదుర్గమంతా,
నా చిన్న కారుకు ఎవరు చవగ్గా బీమా రాస్తారో కనుక్కుంటా.

కారు అనాలంటే నాకే మొగమాటం.
నా కాడికొచ్చే లోపలే ఇద్దరి చేతులు మారింది.
ఎడమ డోరు లోపల్నుంచే తెరుచుకుంటాది.
హారన్ మాత్రం లారీది, ఆ రెండో ఆయన సరదా.
వెనక సీటు పీకేసి జీన్స్ మూటలు కుక్కితే
మున్నూరు ప్యాంట్లు పడతాయి.
వారానికి రెండు తూర్లు బళ్లారి.

బీమా అనే మాట మా ఇంటికి కారుతో రాలేదు,
శెనక్కాయతో వచ్చింది.
ఆ యేడు మా చేను నిలువునా మాడిపోతే
మండలాఫీసు మిద్దె మీది గొట్టంలో
వాన పడిందని రాసినారంట.
మా నాయన రెండు దినాలు ఆ మిద్దె ఎదురుగా కూర్చున్యాడు,
మా మీద అలిగి ఆడ పడిన వాన
ఎట్లుంటాదో చూద్దామని.
తర్వాత ఎద్దులు పోయినాయి.
నేను కుట్టుమిషన్ ముందర కూర్చున్యా.
కాయితమంటే నమ్మకం అప్పుడే పోయింది,
భయం మాత్రం ఉండాది.

"బీమా లేకుండానే తోలు వన్నూరమ్మా,
చెక్‌పోస్టు కాడ నూరిస్తే సరి" అన్యాడు
బట్టలిచ్చే పాలాక్షప్ప.
ఆయన కార్లు మూడు. మూడింటికీ ఫుల్లు ఇన్సూరెన్సు.

బస్టాండు ఎదురు జిరాక్సు షాపాయన
బండి విలువ డెబ్బై వేలన్యాడు.
"పోయినేడు ఎనభై ఐదన్నారే?"
"యేడాది పెద్దదయింది గదక్కా."
నేనూ అయినా యేడాది పెద్దదాన్ని.
నన్నెవరూ కంప్యూటర్లో ఎక్కించలేదు,
బతికిపోయినా.

ఫోన్లో ఒక పిల్ల, తియ్యటి గొంతు:
"మేడం, అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే సగం తగ్గుతుంది."
ఏమీ జరగనందుకు తగ్గిస్తారంట!
మా ఇంట్లో ఏమీ జరగని యేడాది ఏదని
వేళ్లు మడుచుకుంటా ఉంటే
లైను కట్టయింది.

ఆఖరికి తిప్పేస్వామి కాడ తేలినా.
రేకుల గది. చింతపండు మూటల నడుమ ల్యాప్‌టాప్,
రెండూ ఆయన యాపారాలే.
"థర్డ్ పార్టీ చాలక్కా. రెండు వేల చిల్లర. ట్యాక్సు వేరే."
"దాంతో నాకేమొస్తాది?"
"నీకేం రాదు. బండి నుగ్గునుగ్గయినా రాదు.
నువ్వు గుద్దినోళ్లకి వస్తాది."

మళ్లీ చెప్పించుకున్యా.
ఒకటో మనిషి నేను. రెండోది కంపెనీ.
మూడో మనిషి ఏ ఊరో, ఏం పేరో.
నాలుగు దినాలు చెప్పులరగదీసి
నేను బేరమాడింది
మొగం తెలీని ఆ మనిషి కోసరమా!

"బండి దేనికి వాడతావు?"
"మూటలు తోల్తా."
తిప్పేస్వామి మీటల మీంచి చేతులు తీసినాడు.
పైన ఫ్యాను వైపు చూసినాడు.
"సరుకంటే రేటు వేరే, పర్మిట్ వేరే.
అక్కా, నాకు సరిగా వినపడలే. ఇంకోసారి చెప్పు."
నేను చింతపండు వైపు చూసినా.
"సొంతానికి," అన్యా.
అబద్ధమేం కాదు.
ఆ మూటలు తప్ప సొంతమనేది ఏముండాది నాకు?
అయినా నాలుక పులిసింది.

సాయంత్రం అటక మీది సీటు దింపి బిగించినా.
రెండు నట్లు దొరకలేదు.
మూటలిప్పుడు సీటు మీద కూర్చొని వస్తాండాయి,
పెండ్లికి పోయే మేనత్తల మాదిరి.
మున్నూటికి నూట ఎనభయ్యే పడతాండాయి.

మంగళవారం రాత్రి, హీరేహాల్ దాటినాక,
ఎదురుగా మోపెడ్ మీద ఒకాయన.
ముందర బిందె, వెనక తూగుతాండే పిల్ల,
బండికి లైటు లేదు.
ముందయితే ఆ లారీ హారన్ కొట్టి
పక్కకు తోసేదాన్నే.
ఆ పొద్దు హెడ్‌లైటు దించి
మట్టిలోకి దిగి ఆగినా.
ఆయన నా దిక్కు చూడను కూడా చూడలే.
పోయినాడు.

రెండు వేల చిల్లర,
ట్యాక్సుతో కలిపి.