లోపలి మడత

ఎదిగే పిల్లల గౌన్లకు
లోపల రెండంగుళాలు మడిచి కుడత.
వచ్చే యేడు విప్పుకుంటరు.
ఇరవై ఏండ్ల అలవాటు, చెయ్యి దానంతటదే మడుస్తది.

రామ్‌నగర్‌ల మూడో అంతస్తు.
రెండు గదులు, ఒక హాలు, నా మిషిను,
అత్తమ్మ మంచం, ఆమె కొత్త మోకాలు.
ఈ ఇంటికి మడత ఎక్కడుందో
టేపు పట్టుకొని వెతుకుతున్న.

గ్రేట్ డేన్ అంటది నా బిడ్డ తపస్వి.
గోడ మీద పెన్సిల్ గీత గీసింది, భుజం ఇంతెత్తని.
గీత నా నడుము దాటింది.
తోక ఊపితే టీవీ పక్క గ్లాసులు,
మెడ చాపితే పొయ్యి మీది పప్పు.
"మరి పండుకుంటే?" అన్న.
తానే పండుకొని చూపించింది
తలుపు కాడ నుంచి మిషిను దాకా,
కాళ్లు చాపి, నాలుక బయట పెట్టి.
ఆరడుగులు.

విఠల్ లెక్క వేరు.
కోడి, బియ్యం, పెరుగు, డాక్టరు అని వరసగ రాసి
మొత్తం కాడ పెన్ను ఆపిండు.
నా నెల కుట్టుకూలిల సగం.
"ఎనిమిదేండ్లే బతుకుతదట" అన్నడు మెల్లగ.
ఖర్చు తొందరగ తీరుతదని అన్నడో
ఇంకెందుకు అన్నడో
నేనడగలేదు.

ఆదివారం యాప్రాల్ పోయినం.
డెన్నిస్ గారి వాకిట్ల
ముందు కూనలు కాదు, కూనల తల్లి ఎదురొచ్చింది.
మొరగలేదు.
వచ్చి నా తొడకు పక్క ఆనించి
బరువంత వదిలేసింది,
సిటీ బస్సుల నిద్రపట్టిన ముసలమ్మ
తెల్వని భుజం మీద ఒరిగినట్టు.
కుచ్చిళ్ల మీద జానెడు చొంగ.
నేను కదల్లేదు,
కదిలితే పడ్తదేమోనని.

ఆయన ధర చెప్పలేదు. ఒకటే అడిగిండు:
"మీ లిఫ్టు పనిచేస్తదా?"
కరెంటున్నప్పుడు, అన్న.
"వయసైతే వెనక కాళ్లే ముందుగాల పోతయమ్మా.
అప్పుడు అరవై కిలోలు
మూడంతస్తులు దింపేటోళ్లు ఇంట్ల ఎంతమంది?"

ఇంటికొచ్చి
ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు,
పది కిలోల గోధుమపిండి,
పాత దుప్పట్ల మూట కట్టినం.
నేను తలవైపు, విఠల్ కాళ్లవైపు.
రెండో మలుపుల ఆయన నడుం పట్టింది.
ఖుర్షీద్ ఆపా తలుపు తీసి
గుండె మీద చెయ్యేసుకుంది: "యా అల్లా, ఎవరు?"
"బియ్యం, ఆపా!" అన్నది తపస్వి.
ఆపా కొడుకు చెప్పులు కూడ తొడగకుండ వచ్చి
నడిమిట్ల పట్టిండు, ఎందుకని అడగలే.
కింద వాచ్‌మన్ సాయన్న
గేటు రెండు రెక్కలు తీసి
టోపీ చేతిల పట్టుకొని నిలబడ్డడు.

నవ్వొచ్చింది.
నవ్వు ఆగినంక కూడ
దుప్పటి నాలుగు మూలలు వదలకుండ
కాసేపు అట్లనే ఉన్నం.
పైనుంచి అత్తమ్మ కేక:
"దించుడు సరే, మళ్ల ఎక్కించుకొస్తరా?"

మే నెల. బోరు ఎండింది.
ట్యాంకరు కింద నీడల
గల్లీ కుక్క పండుకున్నది, ఎవ్వరికీ కొలతలియ్యకుండ.
దాన్నే తెచ్చుకోరాదా అంటరు అందరు.
మంచి జవాబే.
నా తొడ మీద ఆ బరువు అడిగింది మాత్రం వేరే.

డెన్నిస్ గారికి ఇంకా ఫోన్ చెయ్యలేదు.
మిషినును కిటికీ దిక్కు జరిపిన.
వెలుతురు కోసమని చెప్పిన.
జరిపిన కాడ ఆరడుగుల ఖాళీ.
విఠల్ అక్కడ కుర్చీ వెయ్యలేదు,
తపస్వి పుస్తకాల సంచి పడెయ్యలేదు.
రాత్రి నీళ్లకు లేస్తే అత్తమ్మ
లైటెయ్యకుండ, వాకరు పట్టుకొని,
ఆ జాగ చుట్టు తిరిగి పోతది.