చుక్క తర్వాత

రాత్రి పదకొండు దాటితే కాశీబుగ్గలో కరెంటు నిలకడగా ఉంటుంది.
అప్పుడే అప్‌డేట్ ఎక్కిస్తాను.
తెర మీద నీలం గీత చీమలా పాకుతుంటే
ఆవిరి పట్టిన జీడిగింజల వగరు వాసన
గిడ్డంగి తలుపు సందులోంచి వచ్చి
నా పక్క కుర్చీలో కూర్చుంటుంది.

పొద్దున్న ఏడున్నరకి కాటా దగ్గర గోల.
"ఓలమ్మా, నా పేరు ఎక్కడికెల్లిపోనాది?"
కొర్ల తవిటమ్మ పేరు మొన్నటిదాకా
ఎడంపక్క పైన ఉండేది.
ఆమెకి చదువు రాదు. చోటు వచ్చు.
ఆ చోట ఇప్పుడు తేదీ కూర్చుంది.

దాలమ్మ వెతికే పచ్చ బొత్తాం
బూడిదరంగు పూసుకుని మూలకి నక్కింది.
గున్నమ్మ నడుమ్మీద చెయ్యేసుకుని:
"రాత్రి ఏదో ఎక్కించినావంట గదే, కంప్యూటరు గుంటా,
ఎక్కించినప్పుడు ఏటి దించీసినావో
అది సెప్పు ముందు."

కంపెనీ పంపిన కాగితం నా దగ్గరుంది.
పదకొండు పంక్తులు.
పనితీరు మెరుగుపరచబడినది.
వాడుకరి సౌలభ్యం పెంపొందించబడినది.
ఎవరు చేశారో ఉండదు, ఎవరికి సుఖమో ఉండదు.
తాళంచెవి లోపలే మరిచి
తలుపేసుకున్న వాక్యాలు.

గ్రేడింగ్ గదిలో నల్లబల్ల ఉంది,
గుండు, బద్ద, ముక్క అని రోజూ లెక్క రాసేది.
దాన్ని మోసుకొచ్చి తడిగుడ్డతో తుడిచాను.
పేరు కుడిపక్కకి ఎల్లింది, అని బాణం గీశాను.
బొత్తాం రంగు మారింది, పని పాతదే.
చీటీ ఇకమీద ఒక్కటే వస్తుంది, పారీకండి.
దాలమ్మ వేలు పెట్టి నొక్కింది.
జీడి చమురుకి తోలు లేచిపోయిన వేలు,
ముద్రల యంత్రం మూడేళ్ళుగా
ఎవరిదో తెలీదంటున్న వేలు.
చీటీ గరగరా వచ్చింది. మళ్ళీ నొక్కింది, ఊరికే.
"ఓస్, ఇంతేనేటి!"

తొమ్మిదో పంక్తి దగ్గర సుద్దముక్క ఆగింది.
తూకపు అంకెల కుదింపులో లోపం సరిదిద్దబడినది.

రెండుసార్లు చదివాను.
బుట్ట నాలుగు కిలోల మూడువందల ఎనభై తూగితే
నిన్నటిదాకా చీటీ మీద నాలుగు కిలోల మూడువందలు.
చుక్క తర్వాత ఒక్క అంకె ఉంచి
మిగిలింది కోసి పారేసేది పాత వెర్షన్.
రోజుకి రెండు బుట్టలు, ఎనిమిది నెలలు.
తవిటమ్మ ఒక్కర్తెకే ఇరవై కిలోల పైచిలుకు.
నాది నెల జీతం, చుక్కతో పనిలేనిది.

బుచ్చిబాబు గారు నా భుజం మీదుగా చూశారు.
"పది పంక్తులు చాల్లేమ్మా.
ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తాది?"
గొంతు మెత్తగానే ఉంది. ఆయనకీ ఇప్పుడే తెలిసినట్టుంది.
టీ చల్లారిపోతోందని కూడా అన్నారు.

బల్ల మీద ఏం రాయాలో తోచలేదు.
"కుదింపు" అన్న మాటకి
ఇక్కడ ఎవరి నోట్లోనూ చోటు లేదు.

గుండుపప్పు రెండు గుప్పెళ్ళు తీసి కాటా మీద పోశాను.
ఎనభై.
"నిన్నటిదాకా ఈ యంత్రానికి ఇది కనబడేది కాదు," అన్నాను.
"ప్రతి బుట్టలోనూ ఇంతో, ఇంతకి కాస్త తక్కువో."

ఎవరూ అరవలేదు.
పొట్టు తీసే కత్తి ఒకటి
గచ్చు మీద పడి, కాసేపు ఊగి, ఆగింది.
తవిటమ్మ వంగి ఆ పప్పుల్ని చూసింది,
తప్పిపోయి దొరికిన పిల్లని
ఒళ్ళంతా తడిమి చూసినట్టు.

గున్నమ్మే అడిగింది, నెమ్మదిగా.
"ఎన్నాల్నించి?"

కాగితంలో దానికి పంక్తి లేదు.
పాత చీటీల నకళ్ళు నా బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి,
అన్నీ నేను తీసినవే.
బుచ్చిబాబు గారి వైపు చూడకుండా
వంగి పెట్టె లాగాను.
అది బరువుగా ఉంది.